పొడుగు విజిల్ పడేదాకా

టీచరమ్మ పోయిందన్న కబురు మాకు పాలాయన తెచ్చాడు. సాయంత్రం పాలు పోసే వేళ. గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తే, క్యాను మూత తీయకుండా అలాగే నిలబడ్డాడు. "టీచరమ్మ పోయిందమ్మా. పగటిపూట బువ్వ తిని ఒరిగిందట, ఇగ లేవలే" అన్నాడు.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు తలెత్తి గేటు పక్క వేపచెట్టు చూశాను, కొమ్మలు ఎటు ఊగుతున్నాయో. చావు కబురు విన్న మనిషి గాలి ఎటు వీస్తోందో చూడటమేమిటని మీరు అనుకోవచ్చు. మా కాలనీలో చాలామంది అదే పని చేశారట, తర్వాత మాటల్లో తెలిసింది. అలా ఎందుకు చేశామో చెబితే ఆమె గురించి సగం చెప్పినట్టే.

మాది నాచారానికీ మల్లాపూర్‌కీ మధ్య ఇరుక్కున్న చిన్న కాలనీ. మేము తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పటికి మా వీధే చివరిది. వీధి దాటితే పెద్ద లేఅవుట్. ఒకప్పుడు జొన్న చేలట. ప్లాట్లు చేసి, రాళ్ళు పాతి అమ్మేశారు. కొన్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. దున్నేవాడు లేడు, మేపేవాడు లేడు. వానలకు గడ్డీ వయ్యారిభామా నడుమెత్తు పెరిగి, చలి వెళ్ళేసరికి నిలువునా ఎండిపోయేవి. లేఅవుట్ అవతలి అంచున శ్మశానం, దాని వెనకే పాలాయన గేదెల కొట్టం, వరిగడ్డి వాము. శివరాత్రి దాటిందంటే మా మేడ మీద నుంచి నారపల్లి వైపో కీసర గుట్ట వైపో ఎక్కడో ఒకచోట పొగ కనిపిస్తూనే ఉండేది. గుట్ట కింద వంటలు చేసుకున్నవాళ్ళు పొయ్యి సరిగా ఆర్పరు, ఒకడు బీడీ పారేస్తాడు, ఇంకొకడు చెత్త తగలబెట్టి ఇంట్లోకి వెళ్ళిపోతాడు. ఇక పడమటి గాలి సంగతి చెప్పక్కర్లేదు.

"శేను ఉన్నప్పుడు గిన్ని మంటలు లేకుండె. ప్లాటయినంక ఎవలి గడ్డి ఎవలు కోస్తరు?" అనేది టీచరమ్మ. ఆమె ఉప్పల్లో ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది. సొంతూరు భువనగిరి వైపు. చిన్నప్పుడు వాళ్ళ వాడలో గడ్డివాములు అంటుకుని ఇళ్ళ దాకా వచ్చాయట. ఆ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పేది కాదు. "సూసిన" అనేది, అంతే.

మేము వచ్చిన మొదటి వేసవి నాకు బాగా గుర్తు. పొద్దున్నే మేడ మీద బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టుకున్నాను. మధ్యాహ్నం చూసుకుందామని ఎక్కితే ఎదురింటి మేడ మీద నుంచి చెవులు చిల్లులు పడేలా విజిల్. చూద్దును కదా, నూలు చీర, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్ల తాడుకి విజిల్, ఒక పెద్దావిడ. ఆగమని చెయ్యెత్తి, మెట్లు దిగి, వీధి దాటి, మా మెట్లెక్కి వచ్చింది. పలకరింపు లేదు, పాడు లేదు. వంగి ఒక వడియం తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. అది టప్పున విరిగింది. ఎప్పుడు పెట్టావని అడిగింది. ఈ పొద్దున్నే అన్నాను. విరిగిన ముక్క నోట్లో వేసుకుని, పిట్టగోడ దగ్గరికి పోయి, వీధి వీధంతా వినపడేలా చెప్పింది: "ఇయ్యాల ఎవ్వలు చెత్త కాల్చొద్దు."

ఈవిడకి కాస్త తిక్క ఉన్నట్టుందని ఆ రాత్రి మా ఆయనతో అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. తిక్క ఉండేది. కాకపోతే అది మాకు పనికొచ్చే తిక్క.

అప్పటి నుంచి వేసవంతా నా వడియాలే ఆమెకు వాతావరణ కేంద్రం. పొద్దున పెట్టింది పొద్దు వాలకముందే విరిగితే గాలి ఎండిపోయినట్టు, ఆ రోజు నిప్పుతో జాగ్రత్త. వంగితే ఫికర్ లేదు. వంగినా తినేది, విరిగినా తినేది. ఇలా పరీక్షలు చేస్తూ పోతే మా ఇంట్లో పప్పులోకి నంజుకోవడానికి ఏమీ మిగలదని ఒకరోజు విసుక్కున్నాను. మర్నాడు పొద్దున్నే స్టీలు డబ్బాలో వేడివేడి సర్వపిండి తెచ్చి పెట్టింది, చెల్లుకు చెల్లు అంది. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. కొత్తలో "వడియాలామె" అనేది, తర్వాత "బిడ్డా" అనేది. కోపం వస్తే మళ్ళీ వడియాలామెనే.

ఆమె భర్తను మేమంతా సారు అనేవాళ్ళం. లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. అతి నెమ్మది. ఒక చెవి సరిగా వినపడదు. ఆ చెవి పక్కనే ఇన్నేళ్ళూ విజిల్ కాపురం చేసిందని ఆయనే నవ్వేవారు.

మా వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడి కాముడు కాల్చే పండగ కొత్త. హోలీ ముందురోజు ఎండు కట్టెలూ పిడకలూ పోగేసి మంట పెడతారు. టీచరమ్మ దానికి ఇంకో పని కలిపింది. కాముడిని ఎలాగూ కాలుస్తాం, నలుగురం ఎలాగూ అక్కడే ఉంటాం, ఆ చేత్తోనే లేఅవుట్ అంచు చుట్టూ ఒక పట్టీ గడ్డి కూడా కాల్చేద్దాం అనేది. ముందే కాలిపోయిన చోట మళ్ళీ కాలడానికి ఏమీ ఉండదు కదా, వేసవిలో మంట ఎటు నుంచి వచ్చినా ఆ నల్ల పట్టీ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది.

పొద్దు వాలి, గాలి పడిపోయాక పని మొదలయ్యేది. కొంచెం కొంచెంగా కాలుస్తూ, వెంటవెంటనే ఆర్పుకుంటూ పోవాలి. ఆడామగా అందరం చెయ్యి చాపు దూరంలో వరసగా నిలబడాలి. కొందరి చేతుల్లో తడిపిన గోనెలు, కొందరి చేతుల్లో పచ్చి తంగేడు మండలు. బోరింగు దగ్గర నీళ్ళు నింపిన డ్రమ్ములు. నా జాగా డ్రమ్ముల దగ్గర, గోనెలు తడిపి అందించడం. దర్జీ భార్య నా పక్కన. ఎవరి జాగా వాళ్ళది, మార్చడానికి వీల్లేదు. రెండు చిన్న విజిళ్ళు పడితే పొగ కనిపించిందని, ఎక్కడున్నవాళ్ళు అక్కడి నుంచి పరుగెత్తి రావాలి. పొడుగు విజిల్ పడితే పనైపోయింది, ఇళ్ళకు పోవచ్చు. ఆరంభంలో నాకు సిగ్గేసేది. పెళ్ళై పిల్లలున్న దాన్ని, సావధాన్ విశ్రామ్ అంటూ నడివీధిలో నిలబడటం ఏమిటి అనుకునేదాన్ని. రెండో ఏడుకి సిగ్గు పోయింది. మూడో ఏడుకి, గోనె సరిగా తడపని వాళ్ళ మీద నేనే కేకలేశాను.

ఇదంతా చదివి ఆమె ఎప్పుడూ పొరపాటే చేయని మనిషి అనుకునేరు. చేసింది. పెద్దదే చేసింది. దాని పేరు కమాను.

మా సందు మొదట్లో స్వాగతం పలికే కమాను ఒకటి కట్టాలని కాలనీ సంఘంలో అనుకున్నప్పుడు అందరికంటే ముందు ఊగిపోయింది టీచరమ్మే. బడిలో జెండా పండగలు చేయించిన మనిషి, ఆమెకి అలాంటివంటే పిచ్చి. కాలనీ పేరు పెద్ద అక్షరాలతో, అటూ ఇటూ సిమెంటు పావురాలు, కింద నల్లరాయి మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, వాటిలో మొదటిది ఆమెదే. ప్రారంభం కాముని రోజు సాయంత్రం పెట్టుకున్నారు, అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారని. రిబ్బను కత్తిరించడానికి పిలిచిన పెద్దమనిషి చెప్పిన వేళ కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. అప్పటికి లేఅవుట్లో మా ఇళ్ళ వైపు పట్టీ కాల్చడం అయింది, కొట్టం వైపు మిగిలింది. నడిమధ్య కాముడి కుప్ప ఇంకా ఎర్రగానే ఉంది. పిలుపు మీద పిలుపు. మిగిలింది పొద్దున చూసుకుందామని టీచరమ్మే అంది. అందరం గోనెలు అక్కడే పడేసి కమాను దగ్గరికి పరుగెత్తాం. ఆమెకు శాలువా కప్పారు. మాకు లడ్డూలు పంచారు. లడ్డూ బాగుంది.

మర్నాడు హోలీ. పిల్లలు డ్రమ్ముల్లో నీళ్ళు చూసి ఊరుకుంటారా? అడిగితే ఆడుకొమ్మంది. పైగా ఆమే దగ్గరుండి గులాబీ రంగు కలిపించింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మా కాలనీలో తెల్లగా ఉన్నది సారు జుట్టు ఒక్కటే. అప్పుడు లేచింది పడమటి గాలి. కాముడి బూడిద కింద నిప్పు బతికే ఉంది.

రెండు చిన్న విజిళ్ళు వినపడి తిరిగి చూసేసరికి మంట గడ్డిలో పరుగెడుతోంది. మా ఇళ్ళ వైపు కాదు. మాకు నల్ల పట్టీ ఉంది. పట్టీ లేని కొట్టం వైపు. లోపల గేదెలు కట్టేసి ఉన్నాయి, పక్కన వాము. పాలాయన ఊళ్ళో లేడు, ఆయన భార్య ఒక్కతే పలుపులు విప్పుతోంది. పొగకి బెదిరిన గేదెలు బయటికి రావు. మేము మొహాల నిండా రంగులతో పరుగెత్తాం. ఎవరు ఎవరో పోల్చుకోలేం. అయినా ఎవరి జాగాలో వాళ్ళు వరసగా నిలబడ్డారు, అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. నేను గులాబీ నీళ్ళలో గోనెలు ముంచి అందిస్తున్నాను. అందుకున్నవాళ్ళు మంట మీద బాదుతున్నారు. టీచరమ్మ చీర బిగించి కొట్టంలోకి దూరి, గేదెల వెనక నిలబడి విజిల్ ఊదింది. పొగకు కదలనివి ఆ విజిల్‌కి బెదిరి తోకలెత్తుకుని బయటికి ఉరికాయి. వాటి వెనకే ఇద్దరు ఆడవాళ్ళూ దగ్గుతూ బయటపడ్డారు.

ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే ఫైరింజను వచ్చింది. త్వరగానే వచ్చింది, అంటే మా సందు మొదటి దాకా. కమాను కింద పట్టలేదు. డ్రైవరు దిగి, సిమెంటు పావురాల కేసి చూస్తూ నిలబడ్డాడట. ఇంజన్లో వచ్చినవాళ్ళు పైపులు పరిచి చూస్తే అందలేదు. పాపం, ఆ బరువైన బూట్లతో పరుగెత్తుకొచ్చి మా గోనెలే అందుకున్నారు. వాములో సగం పోయింది. కొట్టం నిలిచింది. ఒక్క గేదెకు వీపంతా గులాబీ మరకలు. మర్నాడు మా పిల్లలు పాలు కూడా ఆ రంగులోనే వస్తాయేమోనని గిన్నె పట్టుకుని ఎదురుచూశారు.

నవ్వుతున్నాను కానీ ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ కాముడి కుప్ప పక్కన నేల మీద కూలబడి బూడిదలోకి అరచెయ్యి దింపి కూర్చుంది. నేను నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. తాగలేదు.

"నిప్పు ఆరిందో లేదో సూడకుండ పోయిన బిడ్డా" అంది. "శాలువ కప్పుతరని పోయిన."

ఆ వారమే సంఘం మీటింగు. కొట్టానికి కొత్త గడ్డి కాలనీ తరపున దింపించాలని తీర్మానం అయింది, దానికి అందరూ సరే అన్నారు. తర్వాత ఆమె లేచి కమాను పైభాగం తీసేయాలంది. దానికి ఎవరూ సరే అనలేదు. కట్టి వారం కాలేదు, సున్నం వాసన కూడా పోలేదు. ఫైరింజను ఎప్పుడో ఒకసారి వస్తుంది, కమాను రోజూ ఉంటుంది అని ఒకాయన వాదించాడు. మీ పేరే మొదట చెక్కించాం కదా టీచరమ్మా అని ప్రెసిడెంటు బుజ్జగించాడు.

"నా పేరు ఉన్నదనే తీయమంటున్న" అంది ఆమె. అనేసి కూర్చుంది.

పైది తీసేశారు. రెండు స్తంభాలు మిగిలాయి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళు సగంలో ఆగిపోయిన గుడి గోపురమా అని అడుగుతారు. పేర్లు చెక్కిన నల్లరాయిని ఆమె బోరింగు దగ్గర బోర్లా వేయించింది, డ్రమ్ముల ముందు బురద కాకుండా. దాని మీద నిలబడే నేను గోనెలు తడిపేది. ఏటా వేసవి ముందు స్టేషనుకి కబురు పెట్టి ఫైరింజనుని ఒకసారి మా సందులోకి తెప్పించుకునేది. అది ఆ రెండు స్తంభాల మధ్య నుంచి దర్జాగా లోపలికి వస్తుంటే, పక్కన బూట్లు కలిపి నిలబడి సెల్యూట్ కొట్టేది. డ్రైవరు కూడా నవ్వుతూ కొట్టేవాడు. దాని ముందురోజు ఎవరింటి ముందైనా ఇసుక కుప్ప ఉందా, వాళ్ళ పని అయినట్టే.

ఆ ఏడు నుంచే ఇంకో నియమం వచ్చింది. మంట ఆరినా, పొగ ఆగినా, పొడుగు విజిల్ పడేదాకా ఎవరూ జాగా కదలకూడదు. బూడిదలో తన అరచెయ్యి పెట్టి, చల్లబడిందని నమ్మకం కుదిరాకే ఆమె ఆ విజిల్ ఊదేది. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగనీ, బయట చుట్టాలు వచ్చి కూర్చోనీ, కదలడానికి వీల్లేదు. ఎవరైనా గొణిగితే ఒకటే మాట అనేది: "నిప్పు పోతున్నా అని చెప్పి పోదు."

తర్వాత ఉద్యమం రోజులు వచ్చాయి. బందులు, రాస్తారోకోలు. ఉప్పల్ చౌరస్తాలో బస్సులు ఆగిపోయేవి. కాలనీలో పలకరింపులు కొంచెం పొడిబారాయి. మేము ఇక్కడే ఉండాలా, అమ్ముకుని పోవాలా అని మా ఆయనే ఒకసారి అన్నారు. టీచరమ్మ ఆ ఊరేగింపులన్నిటిలో ముందుండేది, అదే విజిల్‌తో. నాకు మనసులో గుచ్చుకునేది. కాముని సాయంత్రం వచ్చింది. నేను వెళ్ళాలా వద్దా అని గుమ్మంలో ఊగిసలాడుతుంటే, ఆమే మా గేటు తోసుకుని వచ్చింది. "రాష్ట్రం వేరు, డ్రమ్ము వేరు. నీ జాగా ఖాళీగున్నది, రా" అంది. ఆమెకి రాష్ట్రం కావాలి, నేనూ కావాలి. రెండూ కావాలనడానికి ఆమెకు ఇబ్బంది లేదు, మాకే అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. వెళ్ళి నల్లరాయి మీద నిలబడ్డాను. ఇల్లు అమ్మే మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం మేము ఆమె మాట వినలేదు. లేఅవుట్ చుట్టూ పట్టీ కాల్చుకుంటూ వెళ్ళి శ్మశానం దగ్గరికి వచ్చేసరికి అందరం ఆగిపోయేవాళ్ళం. పండగ పూట అందులో కాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. అక్కడ గడ్డి ఇంకా దట్టం, వెనకే కొట్టం. ఏటా అడిగేది, ఏటా మేము తలలు దించుకునేవాళ్ళం. పాలాయన కూడా, తన కొట్టమే అయినా, వద్దులే టీచరమ్మా అనేవాడు. చివరికి ఒకసారి నవ్వేసింది.

"నేను పోయిన్నాడు అందరు వస్తరు లే అండ్లకు. ముందుగాల గడ్డి గోసి అప్పుడు కాలవెట్టున్రి నన్ను. నా మంట కొట్టానికి అంటిందంటే మాత్రం ఊకోను."

మేమూ నవ్వాం. ఈ మధ్యే రాష్ట్రం ఖాయమైందని తెలిసిన రోజున వీధి వీధంతా తిరిగి అందరి నోట్లో చక్కెర పోసింది. నా నోట్లో అందరికంటే ఎక్కువ పోసి, ఇంకా కావాలా అంది. నెల తిరక్కముందే కాముడు, పట్టీ, పొడుగు విజిల్, అన్నీ ఎప్పటిలాగే. హోలీ వెళ్ళిన కొద్ది రోజులకే పాలాయన క్యాను మూత తీయకుండా మా గేటు దగ్గర నిలబడ్డాడు. అందుకే నేను ముందు వేపచెట్టు చూశాను.

దహనం మర్నాడు మధ్యాహ్నం దాటాక అన్నారు, భువనగిరి నుంచి చుట్టాలు రావాలని. పొద్దున మేడ ఎక్కి, నిన్న పెట్టిన వడియాలు కాక, కొత్తగా నాలుగు పెట్టాను. చావింటి ఎదుట వడియాలు పెట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎండ నడినెత్తికి వచ్చాక ఎక్కి ఒకటి నొక్కాను. విరిగింది. అలా పట్టుకుని నిలబడి, తినేవాళ్ళు లేరు కదా అనుకున్నాను. ఏడుపు అప్పుడొచ్చింది.

కిందికి వచ్చి గోనె తీశాను. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. మా ఆయన ఆ మాట గుర్తు చేశారు, కోప్పడి కాదు, మెల్లగానే. నా జాగా ఎవరు చూస్తారని అడిగాను. ఆయన గేటు తీసి పట్టుకున్నారు. కానీ గేటు దాటాక నాకే జంకు పుట్టింది. శవం వెంట గోనెసంచి పట్టుకుని వెళ్తే సారు ఏమనుకుంటారు, ఊరి చుట్టాలు ఏమనుకుంటారు? చుట్టబెట్టి చీర చెంగు కింద దాచుకున్నాను. పక్క గేటు తెరుచుకుని దర్జీ భార్య వచ్చింది. ఆమె చంకలో కూడా ఒకటి, పాత గులాబీ మరకలతో. ఒకరినొకరం చూసుకుని, దాచుకున్నవి బయటికి తీశాం.

సందు మొదటి నుంచి చివరి దాకా అందరి చేతుల్లో గోనెలే. మగవాళ్ళు ముందే వెళ్ళి కొడవళ్ళతో శ్మశానంలో గడ్డి కోసేస్తున్నారు. ఏటా తల దించుకున్నవాళ్ళే. పాలాయన ఎడ్లబండి మీద డ్రమ్ములు తెచ్చి దింపాడు. చితి చుట్టూ వెడల్పుగా నేల కనిపించేలా గీకేశారు, కొట్టం వైపు ఇంకా ఎక్కువ. సారు అంతా చూస్తూ ఒక పక్కన నిలబడ్డారు. ఆమె విజిల్ ఆమె మెడలోనే ఉంది. తీయాలా అని ఎవరో అడిగితే వద్దన్నారు.

సారే నిప్పు పెట్టారు. గాలి ఉండనే ఉంది. నిప్పురవ్వలు రెండుసార్లు గీకిన నేల దాటి కొట్టం వైపు పడ్డాయి. రెండుసార్లూ అక్కడ నిలబడ్డవాళ్ళు తడి గోనెతో చరిచేశారు. ఎవరూ కేకలేయలేదు, ఎవరూ పరుగెత్తలేదు. నేను తడుపుతూ ఉన్నాను, దర్జీ భార్య అందిస్తూ ఉంది. లోపల కొట్టంలో గేదెలు నెమరేస్తూ పడుకున్నాయి.

పొద్దు వాలింది. గాలి పడిపోయింది. చితి కుంగి, ఎర్రదనం లోపలికి పోయింది. ఊరి నుంచి వచ్చిన పెద్దాయన, ఇక వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి, అది పద్ధతి అని చెప్పాడు. చుట్టాలు కదిలారు. మేము కదల్లేదు. ఆయన మళ్ళీ చెప్పాడు. సారు మెల్లగా మేము గీకిన అంచు దగ్గరికి నడిచి వెళ్ళి, వంగి, రవ్వలు పడి నల్లబడ్డ చోట అరచెయ్యి పెట్టారు. చాలాసేపు అలాగే ఉంచి, లేచి, మా వైపు తిరిగి తల ఊపారు, చల్లబడిందని.

మంచి చెవి చితి వైపు పెట్టి ఆయన నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం, చెయ్యి చాపు దూరంలో, తడి గోనెలు భుజాన వేసుకుని, ఎవరి జాగాలో వాళ్ళం. అన్నీ అయిపోయాయి. పొడుగు విజిల్ ఒక్కటే పడలేదు.